కాలి పట్టీ మాట్లాడితే

తమ్ముడు రాస్కోకి, నేను పనికి వెళ్తున్నా. చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె పొయ్యి మీదున్నాయి. తిన్నాక మాత్ర మింగు. సింకులో పారేసి మింగానని చెప్పకు.

జైలు నుంచి వదిలేటప్పుడు, నువ్వెక్కడున్నావో కనిపెట్టడానికి కోర్టువాళ్ళు నీ కాలికి కట్టిన పట్టీకి గోడ దగ్గర కూర్చుని ఛార్జింగ్ పెట్టుకో. "బ్యాటరీ అయిపోతోంది, ఆఫీసర్‌కి ఫోన్ చెయ్యండి" అని ఆడగొంతు వినిపిస్తే, అది నిజంగా పట్టీయే మాట్లాడుతోంది. దాని మాట విను. మిగతా గొంతుల మాట వినకు. పోయినసారిలా పట్టీ కోసెయ్యడానికి కత్తెర పట్టుకోకు.

"లేని గొంతులు వినపడేవాడికి మాట్లాడే పట్టీ కట్టారండీ" అని క్లినిక్‌లో డాక్టరమ్మకి మొత్తుకున్నాను. "అది కోర్టువాళ్ళ పనమ్మా" అంది. ఆఫీసర్ హెన్లీ ఏమో "జబ్బు సంగతి డాక్టర్లని అడుగు. పట్టీ మాట వినకపోతే మళ్ళీ లోపలికే" అన్నాడు. వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. ఇంకెవరి కాళ్ళు పట్టుకోవాలో నాకు తోచడం లేదు.

ఏ గొంతు ఏదో తెలియకపోతే నాకు ఫోన్ చెయ్యి. తియ్యకపోతే నీ మీద కోపమనుకోకు, మేనేజర్ పక్కనుంటాడు.

అక్క డెల్ఫీన్

ఇంకో మాట. నిన్న బస్సులో ఆ ఆడగొంతు నాకూ వినిపించింది. నువ్వేమో ఇంట్లో ఉన్నావు. ఎవరితోనూ అనకు.