పదహారో ఛానల్‌లో వినిపించిన పిలుపు

అన్నయ్యా,

కొత్త బోటుకి వీహెచ్ఎఫ్ రేడియో పెట్టించాను. నాకు జ్వరమని నన్ను ఇంటి దగ్గర వదిలేసి నువ్వు వేటకెళ్లి మొన్నటికి రెండేళ్లయింది. నువ్వూ రాలేదు, బోటూ రాలేదు.

కాకినాడ నుంచి వచ్చిన మెకానిక్ సెట్టుని కేబిన్‌లో బిగించి, యాంటెన్నాని పైన ఎత్తుగా కట్టాడు. "బటన్ నొక్కి మాట్లాడండి, వదిలేసి వినండి. పదహారో ఛానల్ ఎప్పుడూ ఆన్‌లో ఉంచండి, ఆపదలో ఉన్న బోట్లు పిలిచేది అందులోనే. ఉప్పు పట్టకుండా పొడిగుడ్డతో తుడుస్తుండండి" అని చెప్పాడు. రోజూ తుడుస్తున్నాను.

నిన్న మధ్యాహ్నం వేటలో ఉండగా అందులో ఒక గొంతు వణుకుతూ పిలిచింది.

"ఇంజన్ ఆగిపోయిందండి. గోదారి సముద్రంలో కలిసే మొగ దగ్గర అలలకి కొట్టుకుపోతున్నాం. ఎవరైనా వింటున్నారా?"

"వింటున్నానండి. వస్తున్నాను, భయపడకండి" అన్నాను. దారి పొడవునా అతన్ని మాట్లాడిస్తూనే వెళ్లాను. తాడు కట్టి ఆ బోటుని ఒడ్డుకి లాక్కొచ్చాం. వాళ్లవాళ్లు ఏడుస్తూ వచ్చి వాళ్లని ఇళ్లకి తీసుకెళ్లారు.

అందరూ వెళ్లిపోయాక చూస్తే, వదిన ఒక్కతే ఒడ్డున నిలబడి ఉంది.

"ఎంతమందయ్యా?" అంది.

"నలుగురు వదినా."

"నలుగురూ వచ్చేశారా?"

"వచ్చేశారు."

"మీ అన్నయ్య కూడా పిలిచే ఉంటారు కదా" అంది.

నీ బోటులో ఈ సెట్టు లేదు. నువ్వు పిలిచిన ఆ గడియలో ఇంట్లో నేనేం చేస్తున్నానో, ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు అన్నయ్యా.