ఏడు గంటల పంటు

పిన్నీ,

ఫోన్‌లో మాట్లాడదామంటే అమ్మ పక్కనే ఉంటుంది. అందుకే ఈ ఉత్తరం అమ్మ అల్లిన లేసు మూటలో పెట్టి పంపుతున్నాను. చదివాక చించెయ్యి.

నువ్వు నాన్నకి నచ్చజెప్పబట్టే స్నేహితులతో నరసాపురంలో పాటల కచేరీకి వెళ్ళగలిగాను. ఏడు గంటల పంటు ఎక్కి, గోదావరి దాటి ఇంటికి వచ్చెయ్యాలన్నది నాన్న షరతు. ఐదింటికి మొదలన్నారు గానీ, ఆరున్నరకి కూడా మైకులే సరిచేస్తున్నారు. "వెళ్ళొస్తానే" అని మంజుషకి చెప్పాను. ఆ గోలలో తనకి వినబడలేదు.

పంటు గోదావరి మధ్యకి వచ్చాక పాట మొదలైంది. నీళ్ళ మీదుగా బాగానే వినిపించింది.

"ఏంటమ్మా ఆ మోత, ఎవరిదైనా పెళ్ళా?" అని ఖాళీ చేపల తట్టతో కూర్చున్న మామ్మగారు అడిగారు.

"అవునండి" అన్నాను.

రేవులో నాన్న బండి మీద కూర్చుని ఉన్నారు. బాగుందా అంటే బాగుందన్నాను.

మర్నాడు కాలేజీలో మంజుష, "మొదటి పాటకి మనం నలుగురం ఎంత అరిచామే, నా గొంతు పోయింది" అంది. మిగతా ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను.

వచ్చే నెల భీమవరంలో ఇంకో కచేరీ ఉందట. నాకూ టికెట్ తీస్తామంటున్నారు. పంపమంటావా అని నాన్న నిన్నే అడుగుతారు. ఈసారి వద్దని చెప్పు పిన్నీ. ఇంట్లో పంపలేదని చెబితే, అప్పుడైనా నేను రాలేదని వాళ్ళకి తెలుస్తుంది కదా.

నీ అక్క కూతురు