జెండాగా మారిన నారింజ చొక్కా

చేపపిల్లా,

నీ తేలే డబ్బా తయారైపోయిందోచ్! స్నానాల గదిలో ఉంది. మధ్యాహ్నం దాకా ముట్టుకోకు, జెండా కర్రకి పెట్టిన జిగురు ఆరలేదు. మీ అమ్మ అరిస్తే మామయ్య పెట్టాడని చెప్పు, ఇంకా గట్టిగా అరుస్తుంది.

ఇరవై లీటర్ల క్యాను నిండా థర్మాకోల్ కుక్కాను, చిల్లు పడినా మునగదు. నిన్న నీళ్లలో నా బొజ్జతో సహా పట్టుకుని వేలాడాను, తేలింది! నువ్వు చేపల వేటకి ఈటె పట్టుకుని నీళ్ల అడుగుకి వెళ్తే ఇది పైన జెండాతో నిలబడుతుంది. దీని తాడు నీ బెల్టుకి తగిలించుకో. పట్టిన చేపల్ని దీనికే కట్టు.

జెండా గుడ్డ గుర్తుపట్టావా? నా నారింజ చొక్కా. వీధి చివరి నుంచే కళ్లు పొడుస్తోందని ఎగతాళి చేసేదానివిగా! పడవవాళ్ల కళ్లు కూడా పొడవాలనే కోసేశాను. మొన్న నీ నెత్తి మీంచి పడవ వెళ్లిందని నువ్వు నవ్వుతూ చెప్పావు. నేనూ నవ్వాను గానీ, ఆ పూట ముద్ద దిగలేదే. ఇది లేకుండా నీళ్లలో దిగావో, ఈటె విరిచి పొయ్యిలో పెడతా.

మామయ్య

జెండాకి చొక్కా జేబు అలాగే ఉంచాను. అందులో రబ్బరు బల్లి ఉంది. నీళ్లలో ఉలిక్కిపడతావని జన్మలో మొదటిసారి ముందే చెబుతున్నా.