ఆకుపచ్చ క్యామ్రీ ఎవరికి చెందాలి

టెక్సస్ రాష్ట్రం, డాలస్ కౌంటీ, ఇర్వింగ్ పట్టణంలో కాపురం ఉంటున్న, కీర్తిశేషులు చింతలపూడి వీరభద్రరావు గారి భార్య, అరవై ఎనిమిదేళ్ళ వయసు గల చింతలపూడి సుబ్బులు అనే నేను, తెలివిలో ఉండి, ఒకరి బలవంతం గాని ఒకరి మొహమాటం గాని లేకుండా, నా చేతితో రాసుకున్న వీలునామా ఇది. ఇంతకు ముందు ఏ వీలునామా రాయలేదు. మోకాళ్ళు తప్ప నాకు చెప్పుకోదగ్గ జబ్బు లేదు. బుద్ధి స్థిరంగా ఉందని డాక్టరు గారు కాగితం ఇచ్చారు. ఇచ్చేముందు వందలోంచి ఏడేడు తీసేస్తూ రమ్మన్నారు. తెలుగులో లెక్కపెట్టుకుని ఇంగ్లీషులో చెప్పాను.

దీనికి ఇంగ్లీషు ప్రతి ఒకటి లాయరు దగ్గర ఉంది. రెంటికీ తేడా వస్తే ఆస్తి విషయంలో ఆ ప్రతి చెల్లుతుంది. మనుషుల విషయంలో ఇదే చెల్లాలి.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత వర్జీనియా రాష్ట్రం షాంటిలీలో ఉంటున్న నా కుమార్తె అంకితకు అప్పగిస్తున్నాను. కుమారుడు దివాకర్ ఇంట్లోనే ఉండగా దూరాన ఉన్న కూతురికెందుకని ఎవరైనా అడగవచ్చు. వాడికి నిదానం తక్కువ. తండ్రి పోయిన వారంలోనే ఆయన చొక్కాలన్నీ సంచుల్లో కుక్కి డొనేషన్ పెట్టెలో వేసి వచ్చాడు. వాడి దుఃఖం అలా ఉంది, తప్పు పట్టను. నా సామాను మాత్రం మెల్లగా తీయాలి.

2. నా పేరిట ఉన్న ఇల్లు, బ్యాంకులో ఉన్నది దివాకర్, అంకితలకు చెరి సగం. ఇంట్లో ఇప్పుడు దివాకర్, కోడలు స్పందన, మనవరాలు ఆద్య, నేను ఉంటున్నాము. వాళ్ళు ఉండాలనుకున్నంత కాలం ఉండవచ్చును. తన సగం కోసం అంకిత ఇల్లు అమ్మించకూడదు. ఈ మాట ఫోనులో చెబితే, "ఆ ఎండల్లో ఇల్లు నేనేం చేసుకోనమ్మా, వాణ్ణే ఉండనీ" అంది. అయినా రాస్తున్నాను. ఫోనులో మాటకు సాక్షులు ఉండరు.

3. నా మెడలోని నానుతాడు అంకితకు. గాజులు స్పందనకు. అవి తనకు కొంచెం వదులవుతాయి. కరిగించి వేరే చేయించుకున్నా నాకు అభ్యంతరం లేదు.

4. కుండీలోని కరివేపాకు చెట్టు పక్కింటి పవన్‌కు. మంచు పడి ఊరంతా కరెంటు పోయిన ఏడాది, తన ఇంట్లో పైపులు పగులుతుంటే వాటిని వదిలి, ఈ చెట్టును వాళ్ళ హాల్లోకి మోసి దుప్పటి కప్పిన మనిషి. ఇప్పటికీ కంచె అవతల నిలబడి, "ఆంటీ, రెండు రెబ్బలు తీసుకోనా?" అని అడిగి గాని కోయడు. ఇక అడగనక్కరలేదు.

5. నా పేరిట ఉన్న 1997 మోడల్ ఆకుపచ్చ క్యామ్రీ కారు. ఈ అంశం కొంచెం పొడుగు.

దీన్ని వదిలించుకోమని దివాకర్ ఎన్నాళ్ళుగానో చెబుతున్నాడు. "అమ్మా, దానికి రీసేల్ వాల్యూ లేదు. ఇన్సూరెన్స్ వేస్ట్. డొనేట్ చేసేద్దాం, గరాజ్‌లో ప్లేస్ వస్తుంది" అంటాడు. లెక్క ప్రకారం వాడు చెప్పేది సరైనదే. రంగు వెలిసింది, వెనక తలుపు మీద సొట్ట ఉంది, ఏసీ తన ఇష్టం వచ్చినప్పుడు పనిచేస్తుంది. కానీ నేను నడపడం నేర్చుకున్న కారు ఇదే.

అంతకు ముందు మా ఊళ్ళో, అద్దంకి దగ్గర, మా నాన్న పొగాకు చేలల్లో ట్రాక్టరు తోలాను. మా నాన్నకు మగపిల్లలు లేరు. తోలేవాడు రాని రోజున నన్ను ఎక్కించేవాడు. ఆ పనిని ఇక్కడ ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. అందరికన్నా ముందు మా ఆయనే తీసుకోలేదు.

వీరభద్రరావు గారు కంప్యూటరు ఉద్యోగం మీద మమ్మల్ని ఇక్కడికి తెచ్చారు. ఇండియాలో ఆయన స్కూటరు తప్ప నడిపింది లేదు. ఇక్కడ స్కూల్లో చేరి కారు నేర్చుకున్నారు. ఒక ఆదివారం నన్ను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టారు. ఇది ఆటోమేటిక్ బండి. క్లచ్ ఉండదు, కుడికాలు ఒక్కదానితోనే పని. నా ఎడమ కాలికి ఆ సంగతి తెలియదు. ట్రాక్టరు మీది అలవాటున, ఇంజను శబ్దం మారగానే అది క్లచ్‌ను వెతుక్కుంటూ వెళ్ళి దొరికినదాన్ని గట్టిగా తొక్కింది. దొరికింది బ్రేకు. బండి ఉన్నచోట ఆగిపోయింది. ఆయన కళ్ళజోడు ఎగిరి ముందు అద్దానికి తగిలింది.

"సుబ్బులూ, చెప్పేది బుర్రకెక్కుతోందా? ఇదేమన్నా మీ నాన్న పొగాకు చేననుకున్నావా?" అన్నారు. ఇంకోసారి అలాగే జరిగింది. దిగమన్నారు, దిగాను. ఆ తర్వాత కొన్నేళ్ళు పక్కసీట్లోనే ప్రయాణం.

పక్కసీట్లో కూర్చుంటే పోయేదేముందని అనుకోవచ్చు. కొత్తిమీర అయిపోతే శనివారం దాకా ఆగాలి. గుడికి వెళ్ళాలన్నా, పంటి నొప్పి చూపించుకోవాలన్నా ముందు ఒకరి తీరిక అడగాలి. ఒకసారి దివాకర్‌కు బడిలో జ్వరం వచ్చింది, వచ్చి తీసుకెళ్ళమని ఫోను చేశారు. కిటికీలోంచి కారు కనబడుతూనే ఉంది. ఆయన ఆఫీసులో మీటింగులో ఉన్నారు. ఆ మధ్యాహ్నం నేను కిటికీకీ ఫోనుకీ మధ్య తిరిగాను.

6. పెద్ద ఆవకాయ జాడీ, దాని మూత, మూతకు కట్టే గుడ్డతో సహా, ప్రస్తుతం ఎడిసన్‌లో ఉంటున్న రేణుకు చెందవలెను. రేణు మా ఆయనతో పనిచేసిన శ్యామ్‌సుందర్ గారి భార్య. కరీంనగర్ పిల్ల, నాకన్నా చిన్నది. అప్పట్లో మా వెనక అపార్ట్‌మెంటులో ఉండేవారు. మగవాళ్ళిద్దరూ ఒకే కారులో, శ్యామ్‌సుందర్ గారి కారులో, ఆఫీసుకు వెళ్ళేవారు. రేణుకు లైసెన్సు ఉంది, పగలు బండి ఉండదు. మాకు పగలు బండి ఉంది, నాకు లైసెన్సు లేదు. లైసెన్సు కోసం రాసే పరీక్ష తనే నన్ను కూర్చోబెట్టి చదివించింది. అది పాసయ్యాక, మా ఆయనకు చెప్పకుండా, సొరుగులోని రెండో తాళంచెవి తీసుకుని, వారం మధ్యలో ఖాళీగా ఉండే ఒక చర్చి పార్కింగ్‌లో మొదలుపెట్టాము.

మొదటి రోజే తన చున్నీ తీసి నా ఎడమ కాలిని సీటు కింది కడ్డీకి కట్టేసింది. "అక్కా, గీ కాలుకు ఇయాల్టి సంది పని లేదు. ఇంటికి పోయినంక ఇప్పుత" అంది. నేను గోడ మీదికి పోతుంటే కూడా కేకలు వేసేది కాదు. "గోడ ఏడికి పోదక్కా, ఆడ్నే ఉంటది. నువ్వే జర తిప్పాలె" అనేది. తిప్పేదాన్ని. కొన్నాళ్ళకు చున్నీ అవసరం లేకుండా పోయింది.

నడిపి చూపించే పరీక్షలో మొదటిసారి తప్పాను. మన రోడ్ల మీద లాగా ప్రతి మలుపులోనూ హారన్ కొట్టాను. పక్కనున్న ఆఫీసరమ్మ ఎవరికి కొడుతున్నావని అడిగింది. "ఐ యామ్ కమింగ్, దే షుడ్ నో" అన్నాను. దిగాక ఆ మాట చెబితే, బయట ఎదురుచూస్తున్న రేణు బానెట్ మీద పడి నవ్వింది. రెండోసారి పాసయ్యాను.

7. పై రేణు భర్త శ్యామ్‌సుందర్ గారికి ఏమీ లేదు. ఎందుకు లేదో రాస్తున్నాను. నా పరీక్ష ఇంకా కాకముందే, ఒక పుట్టినరోజు భోజనాల దగ్గర అందరూ వింటుండగా ఆయన మా ఆయనతో, "భద్రం గారూ, మీ మేడమ్ రోజూ చర్చి చుట్టూ ప్రదక్షిణలు చేస్తున్నరంట, మతం మారుతున్నరా ఏంది?" అన్నారు. అంతా నవ్వారు. మా ఆయన నవ్వలేదు. మర్నాడు ఆఫీసుకు బయలుదేరుతూ తన దగ్గరుండే కారు తాళంచెవి బల్ల మీద పెట్టి, "టైర్లలో గాలి చూసుకుంటూ ఉండు" అని వెళ్ళారు. అది ఒప్పుకోలో కోపమో నేను అడగలేదు. శ్యామ్‌సుందర్ గారు నన్ను క్షమాపణ అడగలేదు. కనుక అదీ ఇవ్వడం లేదు.

ఆఖరి సంవత్సరాల్లో మా ఆయనకు డయాలసిస్ మొదలైంది. ఈ కారులోనే నేను తీసుకువెళ్ళి తీసుకువచ్చేదాన్ని. బాగా నడుపుతున్నావని ఒక్కరోజూ అనలేదు. ఎవరి బండి ఎక్కినా పైనున్న పిడి పట్టుకుని రోడ్డు మీద కళ్ళు పెట్టే మనిషి, నా పక్కన కూర్చుని నిద్రపోయేవారు.

8. ఇక ఈ కారు ఎవరికి అన్న విషయం. నా కోడలు స్పందన ఖమ్మం నుంచి వచ్చింది. మైక్రోబయాలజీ చదివింది. పెళ్ళయిన కొత్తలో దివాకర్ తన కారు మీద ఆమెకు డ్రైవింగ్ నేర్పబోయాడు. నేను వెనక సీట్లో ఉన్నాను. ఆమె వీధి చివర ఉత్తరాల పెట్టెలకు బంపరు తగిలించింది. "బ్రేక్! బ్రేక్ అంటున్నానా? కళ్ళు కనబడట్లేదా నీకు?" అని అరిచాడు. గొంతు వాడిది, మాట వాళ్ళ నాన్నది. "నీకు డ్రైవింగ్ సెట్ కాదులే, ఎక్కడికైనా నేనే డ్రాప్ చేస్తా" అన్నాడు. అన్నట్టే చేస్తున్నాడు. వాడు చెడ్డవాడు కాడు, విసుక్కోకుండా తిప్పుతాడు. అయితే క్యారల్టన్‌లో ఒక ల్యాబ్ వాళ్ళు స్పందనకు ఉద్యోగం ఇస్తామంటే, వాడి ఆఫీసు వేళలకు కుదరదని వదిలేసుకుంది. నేను దింపుతానన్నాను. "రోజూ మీకెందుకు అత్తయ్యా శ్రమ" అంది. ఇప్పుడు ఆ ల్యాబ్ వాళ్ళే మళ్ళీ పిలిచారు. సోమవారంలోగా జవాబు చెప్పాలి.

అందుచేత ఈ అంశం కింద మొదట ఇలా రాశాను:

సదరు కారు నా మరణానంతరం నా కోడలు స్పందనకు చెందవలెను. అయితే ఒక సంవత్సరం లోపల ఆమె లైసెన్సు సంపాదించవలెను. నేర్పే మనిషి నా కుమారుడు దివాకర్ కాకూడదు. గడువులోగా లైసెన్సు రానియెడల కారును దానం చేయవలెను.

బాగానే రాశాననుకున్నాను. మొన్న వంటింట్లో చిక్కుడుకాయలు తుంచుతూ స్పందనకు చదివి వినిపించాను. తను తుంచడం ఆపింది.

"అత్తయ్యా, ఆయనా ఇట్లనే అన్నారు. ముందు పార్కింగ్ పర్ఫెక్ట్‌గా చెయ్యి, అప్పుడు రోడ్డెక్కిస్తా అని. మీరేమో ముందు లైసెన్స్ తెచ్చుకో, అప్పుడు కారిస్తా అంటున్నారు. కార్ లేకుండా లైసెన్స్ ఎట్లా తెచ్చుకోను? అయినా, మీరు పోయేదాకా నేను ఆగాలా?"

అని నాలుక కరుచుకుంది. కరుచుకోవలసిన పనేమీ లేదు. పోయిన వారమే తను రాత పరీక్ష పాసై లెర్నర్ లైసెన్సు తెచ్చుకున్నదని కూడా అప్పుడే చెప్పింది. దివాకర్‌కు చెప్పలేదట. ఎందుకు చెప్పలేదని నేను అడగలేదు.

పై షరతులు కొట్టివేశాను. కొట్టివేతల పక్కన నా పొట్టి సంతకం ఉంది. ఈ రోజు ఉదయం స్పందనను వెంటబెట్టుకుని కౌంటీ ఆఫీసుకు వెళ్ళి కారు టైటిల్ ఆమె పేరుకు మార్పించాను. కాబట్టి సదరు కారు నా ఆస్తిలో లేదు. దాని మీద నాకు గాని, నా వారసులకు గాని ఎలాంటి హక్కూ లేదు. అంశం మాత్రం తీసివేయకుండా ఉంచుతున్నాను, దివాకర్ చదవాలని.

దివాకర్‌కు: కారును డొనేట్ చేయాలంటే ఇక నీ భార్యను అడగాలి. ఆమె నడిపేటప్పుడు నువ్వు వెనక సీట్లో, ఆద్య పక్కన కూర్చో. అక్కడ బ్రేకు ఉండదు గనుక కాలికి పని ఉండదు. నీ మీద కోపంతో రాస్తున్న మాట కాదు ఇది. నీకు జ్వరం వచ్చిన రోజు నేను రాలేకపోయాను. ఆద్య బడి నుంచి ఫోను వస్తే వాళ్ళమ్మ వెళ్ళగలగాలి.

9. ఇందులో రాయని చిన్న సామానంతా అంకిత, స్పందన కూర్చుని పంచుకోవలెను. ఎవరికీ అక్కరలేనివి దివాకర్ తీసుకెళ్ళి డొనేషన్ పెట్టెలో వేయవచ్చును. ఆ పని వాడు బాగా చేస్తాడు.

10. ఈ వీలునామా నా మరణానంతరం అమలులోకి వచ్చును. బతికి ఉండగా మార్చుకొనే హక్కు నాకు ఉన్నది. కారు విషయం మాత్రం మార్చలేను, అది నాది కాదు.

ఇది చదివి, సరిగా ఉన్నదని నమ్మి, మా ఊళ్ళోనే లాస్ కొలినాస్‌లో నోటరీ ఎదుట సంతకం చేస్తున్నాను. ఇక్కడికి వచ్చేటప్పుడు బండి నేను నడిపాను. వెళ్ళేటప్పుడు స్పందన నడుపుతుంది, నేను పక్కసీట్లో కూర్చుంటాను. హైవే ఎక్కుతుందో, లోపలి రోడ్ల మీదుగా పోతుందో తన ఇష్టం. ఇంటికి చేరడానికి నాకు తొందరేమీ లేదు.

తేదీ: 2025 అక్టోబరు 17, శుక్రవారం
ఇర్వింగ్, టెక్సస్

(సంతకం) చింతలపూడి సుబ్బులు

సాక్షులు:
1. అనురాధ, ఎదురింటివారు
2. శ్రీహర్ష, పై అనురాధ భర్త

పై ఇద్దరికీ ఈ వీలునామా వల్ల వచ్చేది ఏమీ లేదు. తమ పని మానుకుని, తమ కారులో వచ్చారు.