నలభై రెండో తప్పు

3వ తేదీ, బుధవారం

ప్రియమైన రిపోర్టరమ్మకు,

నిన్న ఉదయం 6:11కి రెండో నంబరు నీళ్ల ట్యాంకు పొంగింది. కింది వీధిలో పద్నాలుగు ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఆ సమయానికి కంట్రోల్ రూంలో డ్యూటీలో ఉన్నది మీ వదినే.

ఫోన్ చేయకుండా ఈ ఉత్తరమేమిటంటావా? తెర అన్నది కనబడితే చాలు ఒళ్లు మండుతోంది. నువ్వు హాస్టల్లో ఉన్నప్పుడు రాసుకున్నట్టే రాసుకుందాం.

మా పాత కంప్యూటర్ తీసేసి కొత్తది పెట్టి పది రోజులైంది. బయటి డబ్బా ఒక్కటే కాదు, లోపలి సిస్టం కూడా వేరే. పాతదాంట్లో మూడు ట్యాంకులూ నాలుగు పంపులూ ఒకే తెర మీద, గోడగడియారంలా ఎప్పుడూ కనిపించేవి. ఇందులో దేని విండో దానిదే. ఒకటి తెరిస్తే ఇంకొకటి దాని వెనక నక్కుతుంది. మూసే గుర్తు కుడి మూల నుంచి ఎడమ మూలకు మారింది. నా చెయ్యి ఇరవై రెండేళ్లుగా కుడికే వెళ్తోంది, ఇప్పుడూ అక్కడికే వెళ్తోంది.

ట్యాంకు నిండు మట్టం 3.60 మీటర్లు. 3.50 దగ్గర నేను పంపు ఆపాలి. ఆరింటికి చూస్తే తెర మీద 3.20 ఉంది. పంపు నడుస్తుంటే మట్టం నిమిషానికి సెంటీమీటరు పెరుగుతుంది, కాబట్టి ఇంకా అరగంట ఉందనుకున్నా. ఇరవై నిమిషాలకే గేటు దగ్గర గోల.

చెప్పులు కుట్టే పెద్దాయన తడిసిన బూటొకటి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "నీళ్లివ్వమన్నాం గానీ మంచం దాకా తెచ్చివ్వమన్నామా తల్లీ?" అన్నాడు. సూపరింటెండెంటు గారు ఆయన ఎదుటే అందుకున్నారు: "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది మీ వరస. నెల టైమిస్తున్నా. ఈలోగా నేర్చుకోకపోతే స్టోర్సులో కూర్చుని బోల్టుల బూజు దులుపుకుందురు గాని."

నేను ఏ మీటా తప్పు నొక్కలేదు. కంట్రోల్ రూం వదిలేదీ లేదు. రాసిపెట్టుకో.

ఇట్లు,
మండుతున్న వదిన


6వ తేదీ, శనివారం

ప్రియమైన పంపుల మహారాణికి,

ఉత్తరం రెండుసార్లు చదివాను. కోపం దండిగా ఉంది, ఆధారం ఒక్కటీ లేదు. "పాడు మెషీను" అని నువ్వంటే, "చేతకాని ఆపరేటరు" అని వాళ్లంటారు. రెండూ తిట్లే, వార్తలు కావు.

పాతికేళ్లుగా నేను చేస్తున్న పని నీకు నేర్పుతా, గురుదక్షిణ అక్కర్లేదు. ఒక పుస్తకం పెట్టు. ఏం తప్పు జరిగినా తేదీ, నిమిషంతో సహా రాయి. ఏం నొక్కావో, ఏం జరగాలో, ఏం జరిగిందో రాయి. నీ తప్పని తోచినా రాయి. విశేషణం ఒక్కటి కనబడినా చించేస్తా. మంగళవారం తెల్లవారిన దగ్గర్నుంచి ఏం జరిగిందో కూడా రాసి పంపు.

అన్నయ్య ఏమంటున్నాడు? ఏమీ అనకపోతే భయపడుతున్నాడన్నమాట.

నీ ఆడపడుచు


17వ తేదీ, బుధవారం

ప్రియమైన పంతులమ్మకు,

పుస్తకం నకలు పంపుతున్నాను, ఆ మంగళవారం వివరాలతో సహా. తొమ్మిది రోజులు, నలభై ఒక్క తప్పులు. విశేషణాలు ఏరేశాను, నాలుగో పేజీలో ఒకటి మిగిలుంటే క్షమించు.

అందులో చాలావరకు ఒకటే కథ. చిన్నది చేద్దామని విండో మూసేస్తాను. కాపీ చేసే మీట అనుకుని ఇంకోటి నొక్కితే గంటగంటకూ రాసే రిపోర్టు మొత్తం ఎగిరిపోతుంది. పాత వేళ్లకు కొత్త ఊళ్లో దారి తెలియదు.

మూడు మాత్రం వేరు. 9న, 12న, 15న పంపు నడుస్తుండగా ట్యాంకు అంకె ఇరవై నిమిషాలకు పైగా కదల్లేదు. నీళ్లు ఎక్కుతుంటే అంకె నిలబడడం ఉండదమ్మాయ్. మూడుసార్లూ మెట్లెక్కి ట్యాంకులోకి కొలబద్ద దించి చూశాను. తెర ఒకటి చెప్తోంది, నీళ్లు ఇంకొకటి చెప్తున్నాయి. ఈ కొత్త సిస్టం పెట్టిన కంపెనీ ఇంజనీరుకు చెబితే, "మీరేదో నొక్కి ఉంటారు మేడం" అని నవ్వాడు. ఏం నొక్కానో అడగలేదు.

మీ అన్నయ్య స్టోర్సులో గాలి బాగుంటుందంటున్నాడు. ఆ గాలి ఆయన్నే పీల్చుకోమన్నాను.

నీ వదిన


20వ తేదీ, శనివారం

ప్రియమైన వదినకు,

ఆ మూడూ గట్టివి. కొలబద్దతో కొలిచావు చూడు, అది వార్త.

ఒక్క సంగతి. నువ్వు పంపిన మంగళవారం వివరాల్లో 5:20కి రెండో ట్యాంకుకు మూడో పంపు వేశావు. తర్వాతి మాట 5:45కి, గంట రిపోర్టు మొదలుపెట్టడం. మధ్యలో ఇరవై అయిదు నిమిషాలు ఖాళీ. మిగతా రోజుల్లో నువ్వు తుమ్మినది కూడా రాశావు. ఆ ఖాళీలో ఏం జరిగింది? రేపు విచారణంటూ జరిగితే అక్కడెవరైనా అడగకముందే నేను అడుగుతున్నాను.

నీ ఆడపడుచు


22వ తేదీ, సోమవారం

రిపోర్టరు గారికి,

ఏమీ జరగలేదు కాబట్టి ఏమీ రాయలేదు. ఇంటిమనిషివనుకుని చెప్పుకున్నాను. నువ్వూ సూపరింటెండెంటు పక్కన కుర్చీ వేసుకుంటావనుకోలేదు.

ఇక ఉత్తరాలు వద్దు.

వదిన


6వ తేదీ, సోమవారం

ప్రియమైన ఆడపడుచుకు,

ట్యాంకు పొంగిన మంగళవారం ఉదయం 5:31కి అలారం మోగింది. దాన్ని తీసేసింది నేనే.

పద్నాలుగు రోజులు నీతో మాట్లాడకుండా ఉన్నాను. ఊరికే ఉండలేదు. నువ్వు అడిగిన ఇరవై అయిదు నిమిషాలు ముల్లులా గుచ్చుతూనే ఉన్నాయి. నా మాట నిజమని నీ మొహాన కొట్టాలనే మొదలుపెట్టాను. రోజూ షిఫ్టు అయ్యాక గంటసేపు కూర్చుని ఆ సిస్టంలో ఉన్న ప్రతి మెనూ తెరిచాను. ఏది నొక్కితే ఏం వస్తుందో పుస్తకంలో రాసుకున్నాను. ఆరో రోజు, జరిగినవన్నీ వరసగా దాచిపెట్టే జాబితా దొరికింది. కంపెనీ వాళ్లు కూడా దాన్ని తెరిచి చూడలేదు. "ఆపరేటరు తప్పిదం" అని రెండు మాటల్లో తేల్చేశారు.

అందులో ఉన్నది ఉన్నట్టు: 5:31:08, రెండో ట్యాంకు నుంచి సిగ్నల్ లేదు, అలారం. 5:31:11, అలారం తొలగింపు. పక్కన నా నంబరు.

మూడు సెకన్లు. నాకు గుర్తే లేదు. గుర్తెందుకుంటుంది? పాతదాంట్లో అలారం మోగితే కీబోర్డు కింద ఉండే పొడుగు మీట కొట్టేదాన్ని. అయిదు నిమిషాలు నోరు మూసుకుని మళ్లీ మోగేది. ఈగను తోలినట్టు తోలేదాన్ని, ఎలాగూ తిరిగొస్తుందని. కొత్తదాంట్లో అదే మీట కొడితే మళ్లీ రాదు. అలారం పోయింది, అంకె మాత్రం చివరిసారి అందిన 3.20 దగ్గరే, అదే పచ్చరంగులో ఉండిపోయింది. పాతదైతే సిగ్నల్ పోగానే అంకె చెరిపి గీత పెట్టేది. గీత చూస్తే లేచి ట్యాంకెక్కేదాన్ని. కదలని అంకెనైనా పట్టుకునేదాన్నే, కానీ రిపోర్టు విండో దాన్ని కప్పేసింది. ఆరింటికి ఒక్కసారే చూశాను.

జాబితా చూసిన రోజున మీ అన్నయ్య అన్నాడు, "ఎవరూ చూడలేదుగా, నువ్వెందుకు తవ్వుకోవడం?" అని.

"అది పూడిస్తే మిగతా మూడూ పూడిపోతాయి," అన్నాను.

విచారణ కోరుతూ నేను రాసిన రిపోర్టుకు సాపు ప్రతి ఆయనే రాసిపెట్టాడు. చేతిరాత నాకంటే బాగుంటుంది, తెలుసుగా.

మొదటి వాక్యం 5:31 గురించే. తర్వాత లెక్క: నా తప్పులు ముప్పై ఎనిమిది, సిస్టం తప్పులు మూడు, నలభై రెండోది, అంటే ఆ 5:31, ఇద్దరిదీ. సూపరింటెండెంటు గారు మొదటి పేజీ చదివి, "ఒప్పేసుకున్నారుగా, ఇక విచారణెందుకు?" అన్నారు.

"ఆడలేకపోయానన్నది నిజమే సార్. మద్దెల ఓడన్నదీ నిజమే. రెండో పేజీ కూడా తిప్పండి. నా ముప్పై ఎనిమిదీ దాని మూడుకు జవాబు కాదు."

తిప్పారు. స్టోర్సు మాట మళ్లీ ఎత్తలేదు, అలాగని వెనక్కీ తీసుకోలేదు.

నెల పరీక్ష శుక్రవారమే అయింది. ఇరవై పనులిచ్చారు, పంతొమ్మిది చేశాను. ఇరవయ్యోది కంపెనీ ఇంజనీరుకూ రాలేదు.

చెప్పులు కుట్టే పెద్దాయనకి అలారం సంగతి నేనే వెళ్లి చెప్పాను. ఆయన సూది ఆపలేదు. "కుడిచేతికి దెబ్బ తగిలి ఎడమచేత్తో కుట్టడం నేర్చుకున్నప్పుడు, మొదటి నెల చెప్పుకంటే నా వేళ్లకే ఎక్కువ కుట్లు పడ్డాయి. సూదిని తిట్టలేదు. మొద్దు సూది ఇస్తే మాత్రం విసిరేశా," అన్నాడు. తర్వాత, "నా బూటు నీ బల్ల మీదే ఉందా?" అని అడిగాడు. ఉంది. విచారణ అయ్యేదాకా ఉంచమన్నాడు.

నిన్ను అన్న మాటలకు ఏం చెప్పాలో తెలియడం లేదు. ఆ ఖాళీ నువ్వు చూపించకపోతే నేను చూసేదాన్ని కాదు. అది రాసుకో.

విచారణ గురువారం ఉదయం 10:30కి, మా కంట్రోల్ రూంలోనే. కంపెనీ నుంచి ఇద్దరు వస్తున్నారు. పెద్దాయన కూడా వస్తానన్నాడు. 10:40కి పంపు నడుస్తుండగా రెండో ట్యాంకు సెన్సరు వైరు నా చేత్తో పీకుతాను, అలారం మోగగానే ఆ పొడుగు మీటే కొడతాను. ట్యాంకు మీద కొలబద్ద పట్టుకుని మనిషి ఉంటాడు. తర్వాత ఇరవై నిమిషాలు ఎవరూ ఏమీ మాట్లాడక్కర్లేదు. అందరం కూర్చుని తెర మీద అంకెను చూస్తాం.

నీ వదిన
కంట్రోల్ రూం, ఉదయం షిఫ్టు