నర్సమ్మ సైకిలు కిర్రు

అమ్మకు,

నీ చిన్నమ్మాయి నమస్కారాలతో రాస్తున్నది. ఇక్కడ నాన్నా నేనూ క్షేమం. అక్కా, బావగారూ, పసిదీ, నువ్వూ అక్కడ కులాసాగా ఉన్నారని తలుస్తాను. క్షేమమని రాయడం మర్యాద కనుక రాశాను గానీ, నెల రోజులుగా నాకు ఒళ్ళు మండిపోతోంది. ఆ మంటలో నీ పుల్ల కూడా ఒకటి ఉంది. కాబట్టి కాస్త ఓపిగ్గా చదువు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. వంటింటి కుళాయి కారడం ఆగిందా అన్నావు. నాన్న బాగుచేశాడు. ఇప్పుడు రెండు చోట్ల కారుతోంది. నాన్న వేళకు తింటున్నాడా అన్నావు. తింటున్నాడు. నేను వండింది తిని, ఉప్పు తక్కువైందని చెప్పి, మళ్ళీ వడ్డించుకుంటున్నాడు. పసిది రాత్రిళ్ళు నిద్రపోనివ్వడం లేదని అక్క గోల పెడుతోందని రాశావు. అక్క కూడా నిన్ను అలాగే ఏడిపించిందని నువ్వే చెప్పేదానివి. వడ్డీతో సహా అనుభవించమని చెప్పు.

ఇక అసలు ప్రశ్న. "నువ్వు బిగించిన సైకిలు చప్పుడు చేస్తోందని బజారంతా నవ్వుతున్నారట, నాన్న రాశాడు, నిజమేనా?" అని అడిగావు. అడిగి ఊరుకున్నావా? జవాబు రాకుండానే, ఈ పని నీకు అచ్చిరాలేదు, ఒకటో తారీకు నుంచి టైలరు పెద్దమ్మ దగ్గర కుట్టుపనికి చేరు, నేను మాటిచ్చేశాను అని రాసేశావు. అమ్మా, దొంగతనం చేసినవాడిని కూడా ముందు ఏం జరిగిందని అడుగుతారు. నన్ను అడిగిందెవరు? అందుకని మొదటినుంచీ చెబుతాను.

ఆసుపత్రి నర్సమ్మ నీకు తెలుసు కదా, గట్టు మీది ఇంట్లో ఉంటుంది. ఆవిడ సైకిలుకి కుడి పెడలు విరిగితే మన కొట్టుకు తెచ్చింది. కొత్త పెడలు బిగించింది నేను కాదు, నాన్న. ఈ ముక్క కింద గీత గీశాను, చూశావా? ఆ మర్నాటి నుంచే సైకిలు కిర్రుమనడం మొదలుపెట్టింది. కుడికాలు కిందికి నొక్కినప్పుడల్లా ఒక కిర్రు. ఎత్తు ఎక్కేటప్పుడైతే మరీ ఎక్కువ. ఆసుపత్రిలో అప్పుడే నిద్రపట్టిన రోగులు ఆ చప్పుడుకి లేచి కూర్చుంటున్నారని ఆవిడ గోడు.

నాన్న సైకిలును కొక్కేలకు వేలాడదీసి, పెడలు చేత్తో తిప్పి, చెవి పెట్టి విన్నాడు. చప్పుడు లేదు. "ఏమీ లేదమ్మా, చైను ఆరిపోయింది" అని నూనె వేసి పంపాడు. మళ్ళీ వచ్చింది. చైను మార్చాడు. మళ్ళీ వచ్చింది. వెనకచక్రం పళ్ళచట్రం మార్చాడు. ప్రతిసారీ వేలాడదీసి తిప్పడం, చెవి పెట్టడం, "ఏదీ, ఎక్కడుంది?" అనడం. ఎక్కితే గదా తెలిసేది? కానీ బాగుకు వచ్చిన బండి ఎక్కకూడదని మన కొట్టు నియమం. ఎక్కితే సొంతదారుడి నమ్మకం పోతుందని నాన్న మాట. ఇన్నేళ్ళుగా మన కొట్టులో ఎవరూ పరాయి బండి తొక్కి చూడలేదమ్మా. వేలాడే సైకిలు మీద ఏ బరువూ ఉండదు, అది ఎందుకు అరుస్తుంది?

నాలుగోసారి వచ్చేసరికి నాన్నకు విసుగొచ్చి, "నువ్వు చూడు" అని నా మీదికి తోశాడు. నేను పెడళ్ళ నడుమనున్న ఇరుసు విప్పి, లోపలి ఇనుప గోళీలు కడిగి, మళ్ళీ పేర్చి బిగించాను. ఆ పని నేను శుభ్రంగా చేశాను. చప్పుడు పోలేదు. ఇంకేముంది, ఆ రోజు నుంచి అది "అమ్మాయి బిగించిన సైకిలు" అయిపోయింది. అంతకుముందు మూడుసార్లు ఎవరు బిగించారో ఎవరికీ గుర్తులేదు. పక్క కొట్టు గడియారాలాయన అయితే, "నర్సమ్మగారు ఎప్పుడొస్తారో తెలుసుకోవడానికి నా గడియారాలు అక్కర్లేదండీ, మీ అమ్మాయి పనితనం చాలు" అన్నాడు. నాన్న నవ్వాడు. అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు అన్నట్టు, నాకు ఆ నవ్వు దగ్గరే మండింది.

నాన్న సామాను తేవడానికి వెళ్ళిన పూట నర్సమ్మను అడిగి ఆ సైకిలు ఎక్కాను. అవును, ఎక్కాను. గట్టుదాకా తొక్కాను. సీటు మీంచి లేచి తొక్కితే చప్పుడు ఉంది, కాబట్టి సీటుది కాదు. తొక్కడం ఆపి జారుకుంటూ వస్తే చప్పుడు లేదు, కాబట్టి చక్రాలవి కావు. ఎడమకాలితో మటుకే తొక్కాను, లేదు. కుడికాలితో తొక్కాను, కిర్రు. నర్సమ్మ పక్కనే పరిగెత్తుతూ, "అదిగో, అదిగో, విన్నావా" అంటూ ఆయాసపడింది. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. చూడనీ.

కుడి పెడలు విప్పేసి, పాత ఇనుము డబ్బాలోంచి జిడ్డోడుతున్న పెడలు ఒకటి తీసి ఊరికే తిప్పి పెట్టి తొక్కాను. నిశ్శబ్దం. నర్సమ్మ నా చేయి పట్టుకుంది. సరే, పెడలే చెడ్డదన్నమాట అనుకుని, అట్టపెట్టెలోంచి సరికొత్త పెడలు తీసి, నాన్న నేర్పినట్టే దాని కాడకున్న మరచుట్లను పొడిగుడ్డతో తళతళలాడేదాకా తుడిచి, గట్టిగా బిగించి పంపాను. మర్నాడు పొద్దున్నే బజారు మధ్యలోంచి కిర్రు, కిర్రు, కిర్రు. గడియారాలాయన కొట్టులోంచి తల బయటపెట్టి నా వైపు చూసి, మళ్ళీ లోపలికి లాక్కున్నాడు. ఆ పూటే నాన్న నీకు ఉత్తరం రాశాడు. రాసి, "ఈ బండి ఇక నువ్వు ముట్టుకోకు" అని నాతో చెప్పి, అదే పెడలు తనే విప్పి, తనే తుడిచి, తనే బిగించాడు.

చప్పుడు తగ్గిందా? తగ్గలేదు. కానీ నాన్న మొహాన చెప్పలేక నర్సమ్మ వారం రోజులు చుట్టుదారిన తిరిగి, ఆయన లేనప్పుడు వచ్చింది. "మీ నాన్నగారు పెద్దవారు, నొచ్చుకుంటారు. నువ్వే ఏదో ఒకటి చెయ్యమ్మా, లేకపోతే నేను నడిచే వెళతాను" అంది. నేను ఆ పాత పెడలూ కొత్త పెడలూ చెరో చేత్తో పట్టుకుని కూర్చున్నాను. పాతది పట్టుకున్న చేతికి జిడ్డు అంటింది. కొత్తది పట్టుకున్న చేతికి ఏమీ అంటలేదు. అమ్మా, అంతే. ఇనుము మర ఇనుములోకి పొడిగా బిగిస్తే, కాలి బరువు పడినప్పుడల్లా రెండూ ఒకదాన్నొకటి ఒరుసుకుని అరుస్తున్నాయి. చప్పుడు చేస్తున్నది నేను బిగించిన తీరు కాదు, తుడిచిన తీరు. అలా తుడవమని నాకు నేర్పిందెవరు? మరకు జిడ్డు తగిలితే పెడలు ఊడి మనిషి పడిపోతాడని చిన్నప్పటినుంచీ చెప్పిందెవరు? మన కొట్టులో ఎన్ని సైకిళ్ళు ఇలా కిర్రుమంటూ బయటికి పోయాయో తలుచుకుంటే నాకు సిగ్గేసింది. తర్వాత కోపం వచ్చింది.

గ్రీజు పూసి బిగించాను. నర్సమ్మ గట్టెక్కి దిగి వచ్చింది. పిల్లి నడిచినట్టుంది, చప్పుడే లేదు.

అప్పుడు ఏం జరిగిందో విను. మర్నాడు నర్సమ్మ కొట్టు ముందునుంచి నిశ్శబ్దంగా పోయింది. నాన్న లేచి నిలబడి, గడియారాలాయనను పిలిచి, "చూశారా, ఒక్కసారి నా చెయ్యి పడింది" అన్నాడు. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరుకుందును. కానీ అదే రోజు పొద్దున నీ ఉత్తరం వచ్చింది. నన్ను కుట్టుమిషను దగ్గరికి తోలేసిన ఉత్తరం జేబులో పెట్టుకుని, ఆ మాట వినమంటావా? గడియారాలాయన ఎదురుగానే చెప్పేశాను.

"నీ చెయ్యి పడ్డాక కూడా అరిచింది నాన్నా. నేను మరకు గ్రీజు పూశాను, అప్పుడు మానింది."

నాన్న మొహం మారిపోయింది. కోపంతో అనుకుంటున్నావేమో, భయంతో. "గ్రీజు పూశావా? ఊడితే ఆ మనిషి నడుం విరగదూ? నేను పని నేర్చుకునే రోజుల్లో చూశాను, పెడలు ఊడి పడినవాడు మళ్ళీ లేవలేదు" అంటూ ఆసుపత్రికి నడుచుకుంటూ వెళ్ళి, ఆ సైకిలు తోసుకుంటూ తెచ్చాడు. నాకు అంతవరకూ ఆ సంగతి తెలియదమ్మా. నీకు తెలుసా?

పెడలు విప్పబోయాడు. రాలేదు. పానా మీద ఒళ్ళంతా బరువు వేస్తే అప్పుడు కదిలింది. నాన్న నా వైపు చూడలేదు. పొడిగా తుడిచి మళ్ళీ బిగించాడు. సైకిలును రోడ్డు మీదికి తోసుకెళ్ళి ఎక్కాడు. నాన్న పరాయి బండి ఎక్కాడమ్మా. బజారు చివరిదాకా కిర్రుమంటూ వెళ్ళాడు, కిర్రుమంటూ తిరిగొచ్చాడు. గడియారాలాయన కూడా ఈసారి నవ్వలేదు. నాన్న దిగి, పెడలు విప్పి నా చేతికిచ్చి, చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళిపోయాడు. నేను గ్రీజు పూసి బిగించాను.

"నీదే ఒప్పు" అన్నాడా? తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి. రెండు రోజులు తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. మూడో రోజు పాలాయన సైకిలుకి నేను పెడలు బిగిస్తుంటే, నలుగురూ వినేలా నామీద కేకలేశాడు. "గ్రీజు ఏదీ? మరకు గ్రీజు లేకుండా పెడలు బిగిస్తారా? ఇదేనా నేను నేర్పింది?" గ్రీజు అప్పటికే పూశాను, ఆయన చూసుకోలేదు అంతే. న్యాయం ఎక్కడుందో నువ్వే చెప్పు.

ఇప్పుడు రాయాల్సింది రాస్తాను. ఇంతసేపూ దాని చుట్టూ తిరిగాను. నిన్న టైలరు పెద్దమ్మ కొట్టుకు వచ్చింది. నాకోసం మిషను ఒకటి ఖాళీ చేయించానని, ఒకటో తారీకు పొద్దున్నే రమ్మని చెప్పింది. పాపం, ఎంతో ప్రేమగా చెప్పింది. నేను రానని చెప్పేశాను. నిన్ను అడక్కుండా, నువ్విచ్చిన మాట నేను వెనక్కిచ్చేశాను. పెద్దమ్మ చిన్నబుచ్చుకుని నాన్న వైపు తిరిగి, "ఏమండీ, వాళ్ళమ్మ మాటిచ్చింది కదా, మీరైనా చెప్పండి" అంది.

నాన్న గాలి కొడుతున్నవాడు ఆపలేదు, తల ఎత్తలేదు. "అది రాదులేమ్మా. ఇక్కడ పని చేస్తుంది" అన్నాడు.

బాగా చేస్తుంది అనలేదు. మా అమ్మాయి పనిమంతురాలు అనలేదు. ఆ ఒక్క మాట అంటే నోటి ముత్యాలు రాలిపోతాయా? నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ కనబడకుండా డబ్బా వెతుకుతున్నట్టు లోపలికి పోయాను. పెద్దమ్మ వెళ్ళాక, "ఈ సంగతి మీ అమ్మకు నువ్వే రాయి, నేను రాయను" అన్నాడు. నా మీద ఫిర్యాదు చేయడానికి కాగితం, కలం, పోస్టాఫీసు అన్నీ దొరికాయి. ఇప్పుడు నీ కోపం ఎదుర్కోవాల్సి వచ్చేసరికి రాయడం రాదట.

కాబట్టి నేనే రాస్తున్నాను. నాకు కుట్టుపని మీద చిన్నచూపు లేదు. పెద్దమ్మకు నీ తరఫున నేను క్షమాపణ చెబుతాను, నువ్వూ ఒక ముక్క రాయి. అరుస్తున్న వస్తువు ఎందుకు అరుస్తోందో పట్టుకోవడం నాకు వచ్చమ్మా. అది నాకు ఇష్టం. ఎవరో నవ్వారని వదులుకోను. నువ్వు చెప్పినా వదులుకోను. అక్కకు ఒంట్లో బాగయ్యాక తొందరగా రా, నువ్వు లేక ఇల్లు ఇల్లులా లేదు. కానీ నా మనసు మార్చడానికైతే రావద్దు.

తిట్టాలనుంటే తిట్టు, చదువుతాను. ఉత్తరం మాత్రం ఇకమీదట ఇంటికి రాయకు. కొట్టుకు, నా పేరు మీద రాయి. పగలంతా అక్కడే ఉంటాను.

ఇట్లు,
నీ మాట దాటిన
నీ చిన్న కూతురు