మాదన్నపేట కోడలు

మాదన్నపేట, హైదరాబాదు
13 ఆగస్టు 1974

అన్నయ్యకు,

నీ ఉత్తరం అందింది. మీ బావ సీమోను పోయి ఏడాదయింది కదా, ఇక పుట్టిన రంగూన్‌కే వచ్చేయమని రాశావు. నేను రాను. ఎందుకో చెబుతాను.

ఆయన భార్యగా ఇక్కడి పౌరసత్వానికి పెట్టుకున్న దరఖాస్తు ఆయన పోయాక ఆగిపోయింది. మే నెలలో మా అత్త రాహేలును వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్లాను.

"మొగడే లేడు, ఇంక ఈ కాయితం ఎందుకమ్మా? మీ దేశం పోరాదు?" అన్నాడు గుమాస్తా.

అత్త బల్ల మీద చెయ్యి పెట్టి, "నా కొడుకు పోయిండు సారూ, కోడలు పోలే. గామె ఏడికి పోతది?" అంది.

అప్పుడు నాకు ధైర్యం వచ్చింది. "విధవకూ హక్కుందని చట్టంలోనే ఉందట, పెద్దసారును అడగండి" అన్నాను. అతను లోపలికెళ్లి అడిగొచ్చి, నా ఫైలు దులిపాడు.

నిన్న ప్రమాణం చేయించారు. బర్మా పౌరసత్వం వదులుకుంటున్నానని సంతకం పెట్టేటప్పుడు అక్కడున్న అమ్మ సమాధి గుర్తొచ్చింది. అయినా పెట్టాను. అత్త అందరి ముందూ నన్ను పట్టుకుని ఏడ్చింది.

ఇకమీదట నిన్ను చూడాలంటే నేను వీసా అడగాలి. అడుగుతాను అన్నయ్యా, ఇచ్చేదాకా అడుగుతాను.

నీ చెల్లెలు